ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ ఫ్యాన్స్ అంటే అందరూ రౌడీలేనా? పిల్లల్ని తీసుకుని మ్యాచ్‌కి వెళ్ళొచ్చా?

మీ ఫ్యామిలీ గ్రూపులో జరిగిన గొడవ చదివాక రాయకుండా ఉండలేకపోయానండి. చదివేవాళ్ళ కోసం రెండు ముక్కల్లో: వీళ్ళు పిల్లలతో మాంచెస్టర్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్తున్నారు, పిల్లలు మ్యాచ్ చూపించమని ఒకటే గోల, డల్లాస్‌లో ఉండే బావగారేమో "అక్కడంతా హూలిగన్సే, తాగి కొట్టుకుంటారు, సాకర్ చూడాలంటే అమెరికా రండి" అన్నారు, దానికి తమ్ముడు "సాకర్ అనేవాడికి ఫుట్‌బాల్ గురించి మాట్లాడే హక్కే లేదు" అన్నాడు, ఇద్దరికీ మాటల్లేవు. ఎవరు రైటు, అసలు పిల్లలతో వెళ్ళొచ్చా లేదా అని అడిగారు.

నేను రెండు చోట్లా ఉన్నాను. మాది రాజమండ్రి. 2014 నుంచి 2018 దాకా లివర్‌పూల్‌లో ఉన్నాం, మా ఆవిడ ఉద్యోగం మీద వెళ్ళాం, నేను డిపెండెంట్ వీసా. అక్కడ రెండు సీజన్లు లివర్‌పూల్ క్లబ్ ఆడే ఆన్‌ఫీల్డ్ స్టేడియంలో మ్యాచ్ రోజుల్లో స్టీవార్డ్‌గా చేశాను, అంటే ఫ్లోరోసెంట్ జాకెట్ వేసుకుని గ్రౌండ్‌కి వీపు పెట్టి జనం వైపు చూస్తూ నిలబడే పని. గోల్ పడినా వెనక్కి తిరగకూడదు, జనం మొహాల్లోనే గోల్ చూడాలి. 2018 నుంచి సియాటెల్‌లో ఉన్నాం.

ముందు ఆ మాట సంగతి తేల్చేద్దాం. సాకర్ అమెరికా వాళ్ళు పుట్టించిన మాట కాదండి, ఇంగ్లాండ్‌దే. 1863లో లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టారు కాబట్టి వాళ్ళది అసోసియేషన్ ఫుట్‌బాల్ అయింది, 1871లో రగ్బీ వాళ్ళు విడిగా యూనియన్ పెట్టుకున్నారు, అది రగ్బీ ఫుట్‌బాల్. ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ళకి అప్పట్లో ప్రతి మాటనీ కత్తిరించి చివర ఒక 'అర్' తగిలించే సరదా ఉండేది, రగ్బీ రగ్గర్ అయింది, అసోసియేషన్‌లోంచి సాకర్ వచ్చింది. ఇంగ్లాండ్‌లో చాలా ఏళ్ళు రెండు మాటలూ వాడారు, అమెరికాలో ఆ మాట బాగా పాకాక వీళ్ళకి అది ఎబ్బెట్టుగా అనిపించడం మొదలైంది. స్కై స్పోర్ట్స్‌లో శనివారం మధ్యాహ్నం ప్రోగ్రాం పేరులో ఇప్పటికీ సాకర్ అనే ఉంది. కాబట్టి ఆ పాయింట్ మీద మీ తమ్ముడు ఓడిపోయినట్టే.

కానీ ఆ కోపం మాట మీద కాదండి, క్లబ్ ఎవరిది అన్న దాని మీద, అది నేను కళ్ళారా చూశాను. 2016 ఫిబ్రవరి 6, సండర్‌లాండ్‌తో మ్యాచ్. మెయిన్ స్టాండ్, అంటే ప్రధాన గ్యాలరీ, పెద్దది కడుతున్నారు, వచ్చే సీజన్ నుంచి అందులో ఖరీదైన టికెట్ 77 పౌండ్లు అని ప్రకటించారు, క్లబ్ ఓనర్లు అమెరికా వాళ్ళు, ఫెన్వే స్పోర్ట్స్ గ్రూప్. అప్పుడు నడుస్తున్న సీజన్‌లో టాప్ ధర 59. 77వ నిమిషంలో లేచి వెళ్ళిపోతాం అని ఫ్యాన్స్ ముందే చెప్పారు, మాకు బ్రీఫింగ్‌లో కూడా చెప్పారు, దారులు ఖాళీగా ఉంచండి అని. అప్పటికి లివర్‌పూల్ 2-0తో ముందుంది, గెలిచే మ్యాచ్ వదిలేసి ఎవరు వెళ్తారులే అనుకున్నా. 77వ నిమిషం రాగానే ముందు చప్పుడు వినపడింది, మడత కుర్చీలు వందలు వందలు ఒకేసారి మూసుకుంటున్న చప్పుడు, తాటాకు కప్పు మీద వాన మొదలైనట్టు టపటపటపా. ముసలాళ్ళు, మనవల చెయ్యి పట్టుకున్న తాతలు, నలభై ఏళ్ళుగా అదే సీటులో కూర్చునేవాళ్ళు, ఎవరూ తోసుకోలేదు, ఎవరూ నా మీద అరవలేదు, ఒకాయన నా పక్క నుంచి వెళ్తూ భుజం తట్టి "నీ మీద కాదు బాబూ" అని వెళ్ళాడు. దాదాపు 10 వేల మంది అలా వెళ్ళిపోయారు. ఆ తర్వాత సండర్‌లాండ్ రెండు గోల్స్ కొట్టి 2-2 చేసింది. నాలుగు రోజులకల్లా ఓనర్లు క్షమాపణ చెప్పి 77 టికెట్ ఎత్తేసి ధర 59 దగ్గరే ఆపేశారు. ఒక్క సీసా పగలలేదు, ఒక్క దెబ్బ పడలేదు. మీ బావగారికి ఈ ఒక్కటి చెప్పండి చాలు.

అమెరికాలో టీమ్ అంటే ఓనర్ ఆస్తి, ఊరు మార్చేయొచ్చు. అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లే చూడండి, 1984లో బాల్టిమోర్ కోల్ట్స్‌ని రాత్రికి రాత్రి ట్రక్కుల్లో సర్దుకుని ఇండియానాపొలిస్ తీసుకుపోయారు, ఓక్లాండ్ రైడర్స్ 2020లో లాస్ వేగాస్ పోయింది. సీజన్ చివర అడుగున నిలిచిన టీమ్‌లు కింది లీగ్‌కి పడిపోవడం అనేది కూడా వాళ్ళ లీగుల్లో లేదు. ఇంగ్లాండ్‌లో పడిపోతావనే భయం ఉంటేనే ఆట. 2021 ఏప్రిల్ 18న 12 పెద్ద క్లబ్బులు కలిసి సూపర్ లీగ్ అని ప్రకటించాయి చూడండి, పెట్టిన క్లబ్బులు ఎంత చెత్తగా ఆడినా పడిపోవు అన్నది అందులో రూలు, అందులో మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్, ఆర్సెనల్ మూడూ అమెరికా ఓనర్లవే. ఫ్యాన్స్ రోడ్డెక్కారు, రెండు రోజులు తిరక్కుండానే ఇంగ్లాండ్ క్లబ్బులు ఆరూ బయటికొచ్చేశాయి. మీ తమ్ముడి నోట్లో "సాకర్" మీద అంత చిరాకు వచ్చేది ఇక్కడ్నుంచే, మా ఊరి క్లబ్‌ని కొనుక్కున్నవాడు మా ఆట పేరు కూడా మార్చేస్తాడేమో అని.

ఇక రౌడీల సంగతి. లేరని చెప్తే అబద్ధం. 1970లు, 80లలో రైళ్ళు పగలగొట్టడం, కత్తిపోట్లు, అన్నీ ఉన్నాయి. 1985 మే 29న బ్రస్సెల్స్‌లో హైసెల్ స్టేడియంలో లివర్‌పూల్ ఫ్యాన్స్ కొందరు ఇటలీ క్లబ్ జువెంటస్ వాళ్ళున్న వైపు దూసుకెళ్తే, వాళ్ళు గోడ వైపు పరిగెత్తి, ఆ గోడ కూలి, 39 మంది పోయారు, ఎక్కువమంది ఇటలీ వాళ్ళు. స్టేడియం శిథిలావస్థలో ఉంది, ఏర్పాట్లు బాలేవు, అదీ నిజమే, కానీ దూసుకెళ్ళింది మాత్రం వీళ్ళే. ఇంగ్లాండ్ క్లబ్బులన్నిటినీ ఐదేళ్ళు యూరప్ పోటీల నుంచి తీసేశారు. మొన్న మొన్న 2021 జూలై 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో యూరో కప్, అంటే యూరప్ దేశాల కప్పు, ఫైనల్ రోజు టికెట్ లేనివాళ్ళు గేట్లు తోసుకుని లోపలికి పోయారు, అదీ సిగ్గుచేటే.

కానీ ఆ పేరు ఒకసారి పడ్డాక ఏమవుతుందో చెప్పాలి, నేను ఈ ఆన్సర్ రాయడానికి కారణమే అది. లివర్‌పూల్‌లో మేం ఒక పెద్దాయన ఇంట్లో పైవాటా అద్దెకున్నాం. 2015 జూలై 14, గోదావరి పుష్కరాల మొదటి రోజు. పొద్దున్న లేచి ఫోన్ చూస్తే రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట అని వార్త, 27 మంది పోయారు, మా పిన్ని వాళ్ళు ఆ పొద్దున్నే అక్కడికే స్నానానికి వెళ్ళారు, ఫోన్ కలవడం లేదు. నేను మెట్ల మీద కూర్చుండిపోయా. పెద్దాయన కిందనుంచి వచ్చి ఏమైందని అడిగి, విని, టీ పెట్టి తెచ్చి నా చేతిలో పెట్టి పక్కనే కూర్చుని అడిగిన మొదటి మాట, "గేట్లు ఎన్ని ఉన్నాయి?" నాకు అర్థం కాలేదు. పిన్ని వాళ్ళు క్షేమంగా ఉన్నారని తెలిశాక, ఆ సాయంత్రం ఆయన చెప్పాడు, అప్పటిదాకా ఆ మాటే ఎత్తలేదు.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లో హిల్స్‌బరో స్టేడియం, లివర్‌పూల్ ఆడుతున్న ఎఫ్ఏ కప్ (ఇంగ్లాండ్ క్లబ్బుల కప్పు) సెమీఫైనల్. ఆయన అక్కడున్నాడు. లివర్‌పూల్ ఫ్యాన్స్‌కి ఇచ్చిన లెపింగ్స్ లేన్ వైపు నిలబడే టికెట్లు 10 వేల పైచిలుకు, వాళ్ళందరికీ టర్న్‌స్టైల్స్, అంటే ఒక్కొక్కరే తోసుకుని వెళ్ళే తిరుగుడు గేట్లు, ఏడు. బయట జనం పేరుకుపోతే 2:52కి పోలీసులు పెద్ద గేటు తెరిపించారు, లోపల సొరంగంలాంటి దారి నేరుగా మధ్య పెన్నుల్లోకి (జనం నిలబడేందుకు కంచెలతో విడగొట్టిన దొడ్లలాంటి చోట్లని పెన్నులంటారు), అవి అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి, ఆ దారి మూసి జనాన్ని పక్కలకి పంపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ముందు ఇనుప కంచె. ఆ కంచె ఎందుకు పెట్టారంటే, వీళ్ళు రౌడీలు కాబట్టి, గ్రౌండ్‌లోకి రాకూడదు కాబట్టి. పెద్దాయన పక్క పెన్నులో ఉన్నాడు, "మా దగ్గర కూర్చోవాలంటే కూర్చునేంత చోటుంది, కంచె అవతల మనుషులు నిలబడినవాళ్ళు నిలబడినట్టే పోతున్నారు, వాళ్ళు కంచె ఎక్కబోతే పోలీసులు వెనక్కి తోశారు, గొడవ చేస్తున్నారనుకున్నారు" అన్నాడు. 3:06కి మ్యాచ్ ఆపారు. 97 మంది, ఆఖరి ఆయన ఆ రోజు గాయాల వల్లే 2021లో పోయాడు.

ఆ సాయంత్రానికే, ఫ్యాన్సే గేటు విరగ్గొట్టారని పోలీసులు చెప్పేశారు. చనిపోయినవాళ్ళ రక్తంలో, పిల్లల రక్తంలో కూడా, మందు ఉందేమో అని పరీక్ష చేశారు. ఒక పేపర్ నాలుగు రోజులకి మొదటి పేజీలో, ఫ్యాన్స్ శవాల జేబులు కొట్టారని రాసింది, లివర్‌పూల్‌లో ఇప్పటికీ చాలా షాపులు ఆ పేపర్ అమ్మవు, మా వీధి చివర గుజరాతీ ఆయన కొట్లో కూడా ఉండేది కాదు. 2012లో ఇండిపెండెంట్ ప్యానెల్ కాగితాలన్నీ బయటపెడితే తేలింది, 164 పోలీసు స్టేట్‌మెంట్లు మార్చారని. 2016 ఏప్రిల్ 26న జ్యూరీ చెప్పింది, ఫ్యాన్స్ తప్పేమీ లేదు, ఇది చట్టవిరుద్ధంగా ప్రాణాలు తీయడమే అని. 27 ఏళ్ళు పట్టింది. మర్నాడు సాయంత్రం సెయింట్ జార్జెస్ హాల్ దగ్గర వేలమంది చేరారు, మేమూ వెళ్ళాం, అప్పటి లెక్క ప్రకారం 96 లాంతర్లు మెట్ల మీద వెలిగించి పెట్టారు, పెద్దాయన మా ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు, ఒక్క మాట మాట్లాడలేదు.

మనం "తొక్కిసలాట" అంటాం కదా, ఆ మాట నాకు అప్పట్నుంచీ నచ్చదు. ఒకళ్ళనొకళ్ళు తొక్కుకున్నట్టు, వాళ్ళదే తప్పన్నట్టు ఉంటుంది. ఇలాంటి చోట్ల చాలామంది కాళ్ళ కింద పడి పోరండి, నిలబడే ఊపిరాడక పోతారు, నాలుగు వైపులా ఒత్తిడికి ఛాతీ విచ్చుకోదు, వెనకవాడికి ముందు ఏం జరుగుతోందో తెలీదు. మాకు ట్రైనింగ్‌లో నేర్పింది కూడా ఇదే, అరుస్తున్నవాణ్ణి కాదు, అరవడం మానేసినవాణ్ణి చూడు, తల వెనక్కి వాల్చి గాలి కోసం పైకి చూస్తున్నాడంటే అక్కడికి పరిగెత్తు అని.

ఇంక బావగారి అమెరికా. ఇక్కడ కొట్లాటలు తక్కువ అన్నది నిజమే, కానీ దానికి మొదటి కారణం దూరం, మంచితనం తర్వాత. లివర్‌పూల్ నుంచి మాంచెస్టర్ 50 కిలోమీటర్ల పైన, అంతే, మూడు వేలమంది అవతలి టీమ్ వాళ్ళు రైలెక్కి వచ్చేస్తారు. సియాటెల్ నుంచి మయామీ ఎవరొస్తారు? ఒకే రాష్ట్రంలోని ఊళ్ళ మధ్య ఇక్కడా అవుతాయి, 2011లో లాస్ ఏంజెలెస్‌లో డాడ్జర్స్ బేస్‌బాల్ మ్యాచ్ అయ్యాక శాన్‌ఫ్రాన్సిస్కో ఫ్యాన్ ఒకాయన్ని పార్కింగ్‌లో కొడితే మెదడు దెబ్బతిని శాశ్వతంగా వైకల్యం వచ్చింది. 2024 జూలై 14న మయామీలో కోపా అమెరికా (దక్షిణ అమెరికా దేశాల కప్పు) ఫైనల్, జనం గేట్ల దగ్గర పేరుకుపోయి, కొందరు లోపలికి దూకి, మ్యాచ్ 82 నిమిషాలు లేటుగా మొదలైంది. ఇంట్లో టీవీలో చూస్తున్నా, పిల్లల్ని తలల మీదుగా ఎత్తి అందిస్తున్నారు, నా చేతులు చల్లబడిపోయాయి.

ఇక్కడి ఫ్యాన్స్‌ని తక్కువ చేయను. 2019 ఆగస్టు 23న పోర్ట్‌లాండ్‌లో సియాటెల్‌తో మ్యాచ్‌కి వెళ్ళా. 1930ల జర్మనీలో నాజీలకి ఎదురు నిలబడిన ఐరన్ ఫ్రంట్ అనే సంస్థ గుర్తు, మూడు బాణాలు, ఆ జెండాని ఇక్కడి సాకర్ లీగ్ వాళ్ళు స్టేడియంలో నిషేధించారు. ఆ సంస్థని నాజీలు రద్దు చేసింది 1933లో కాబట్టి రెండు ఊళ్ళ ఫ్యాన్స్, బద్ధశత్రువులు, కలిసి 33 నిమిషాలు నోరు విప్పలేదు. డప్పులు లేవు, పాటల్లేవు, ఆటగాళ్ళు ఒకర్నొకరు పిలుచుకోవడం పైవరసల దాకా వినిపించింది. 33 దాటగానే ఒక్కసారి ఆ హోరు! నెల తిరిగేసరికి నిషేధం ఎత్తేశారు. నాకు ఆన్‌ఫీల్డ్‌లో ఆ కుర్చీల చప్పుడే గుర్తొచ్చింది.

మీ అసలు ప్రశ్నకి: వెళ్ళండి, నిశ్చింతగా వెళ్ళండి. ఫ్యామిలీ స్టాండ్ అని అడిగి తీసుకోండి. పిల్లలకి అవతలి టీమ్ జెర్సీ వెయ్యకండి, హోమ్ వైపు, అంటే ఆ ఊరి టీమ్ ఫ్యాన్స్ కూర్చునే వైపు, అవతలి టీమ్ రంగు వేసుకుంటే బయటికి పంపేస్తారు. గ్రౌండ్ కనపడే చోట మందు తాగకూడదని అక్కడ 1985 నుంచి చట్టం ఉంది, కాబట్టి సీట్లో బీరు గోల ఉండదు. బూతుపాటలు మాత్రం ఉంటాయి, పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళండి. గంట ముందు వెళ్ళండి. ఎక్కడైనా జనం బిగుసుకున్నట్టు అనిపిస్తే మోచేతులు ఛాతీ ముందు పెట్టుకోండి, చిన్నదాన్ని భుజం మీద ఎక్కించుకోండి, ఎదురు తొయ్యకుండా పక్కకి పక్కకి జరగండి.

పెద్ద క్లబ్ టికెట్లు మెంబర్‌షిప్ లేకపోతే దొరకడం కష్టం. దొరక్కపోతే మాంచెస్టర్‌లోనే మోస్టన్ అనే చోట బ్రాడ్‌హర్స్ట్ పార్క్‌కి వెళ్ళండి, ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ ఆడేది అక్కడే. 2005లో అమెరికా గ్లేజర్ కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్‌ని కొన్నప్పుడు ఒప్పుకోని ఫ్యాన్స్ పెట్టుకున్న క్లబ్ అది, మెంబర్లదే క్లబ్, ఒక మెంబర్‌కి ఒక ఓటు. చిన్న లీగ్, గ్రౌండ్ దగ్గరగా కనిపిస్తుంది, బంతి తన్నిన చప్పుడు పిల్లలకి వినపడుతుంది. ఒక రోజు వీలు చేసుకుని రైలెక్కి లివర్‌పూల్ వెళ్తే, ఆన్‌ఫీల్డ్ బయట హిల్స్‌బరోలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాయి ఉంది, ఎప్పుడు చూసినా దాని ముందు పూలూ స్కార్ఫులూ ఉంటాయి. వాళ్ళందరిలో చిన్నవాడికి 10 ఏళ్ళు. మీ పెద్దబ్బాయి వయసు కూడా అంతే అన్నారు కదా, వాణ్ణి పక్కన పెట్టుకుని బావగారికి ఒక వీడియో కాల్ చెయ్యండి.