కొండ మీద వానను చూడు

శ్రావణీ,

ఈసారి ఈశాన్య రుతుపవనాలకు ఉదయగిరి చుట్టుపక్కల ఊళ్ళకు వాన కబురు, వాగు కబురు నువ్వే వాట్సాప్‌లో పెట్టబోతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా గర్వంగా అనిపించింది తల్లీ. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. చెరువుల కట్టలు, తూములు చూసుకునే లస్కరుగా పనిచేసినవాణ్ణి, వాగు ఎట్లా వస్తుందో కళ్ళారా చూసినవాణ్ణి.

వానమానిని చెట్లకు, గోడలకు దూరంగా పెట్టు. పొద్దున ఎనిమిదిన్నరకే చూడు, వాతావరణ శాఖ లెక్క అదే. వాన మబ్బులను చూపే శ్రీహరికోట రాడార్ చూడడం నీకు నేను నేర్పేదేముంది. 24 గంటల్లో 115.6 మిల్లీమీటర్లు పడితే అతిభారీ అంటారని నీకు తెలుసు. వాగుకు ఆ 24 గంటలతో పనిలేదమ్మా. అంత వాన రోజంతా నిదానంగా పడితే చెరువు నిండుతుంది, రెండు గంటల్లో పడితే వాగు మీది చప్టా లేచిపోతుంది. వాన పడేటప్పుడు గంటగంటకూ కొలిచి రాసుకో.

మనవాళ్ళు తరతరాలుగా చేస్తున్న తప్పు ఒకటుంది. తమ వాకిట్లో పడిన వానను చూసి వాగును అంచనా వేస్తారు. నువ్వు పుట్టకముందు ఒక కార్తీకంలో ఊళ్ళో సన్న జల్లు పడుతోంది, గొడుగు కూడా అక్కర్లేదు. నాట్లకు పోయిన ఆడవాళ్ళు ట్రాక్టరులో ఇంటికి వస్తున్నారు. చప్టా మీద మడమ లోతు నీళ్ళు. ఇంతేగదా అని ట్రాక్టరును దించాడు ఆ కుర్రాడు. సగం దూరం పోయేసరికి నీళ్ళు ఎర్రగా తిరిగాయి, పుల్లలు, ఆకులు కొట్టుకొచ్చాయి. ఆ వెంటనే నడుము లోతు వచ్చింది. మోకులు వేసి ఆడవాళ్ళను లాగాం. ఆ కుర్రాడు మర్నాడు కింద తుమ్మచెట్లలో దొరికాడు. మధ్యాహ్నం నుంచీ దుర్గం కొండ మబ్బులో మునిగి కనపడకుండా పోయింది. ఊరంతా చూసింది, అది వానని ఒక్కరికీ తోచలేదు. వాళ్ళమ్మ ఏడుపు నాకింకా చెవుల్లో ఉంది.

సముద్రం మీది తడిగాలి వెలిగొండలకు కొట్టుకుని పైకి లేచి చల్లబడుతుంది, వాన అక్కడే కుమ్మరిస్తుంది. కింద ఊళ్ళో చినుకులే. చదరపు కిలోమీటరు కొండ మీద 100 మిల్లీమీటర్లు పడితే 10 కోట్ల లీటర్లు. ఎండిన నేలైతే కొంత తాగుతుంది, నాలుగు రోజులు ముసురు పట్టిన నేల తాగదు. పైచెరువు తెగితే కింది చెరువులూ వరసగా తెగుతాయి. వానంతా మన వైపే పడాలని కూడా లేదు. 2021 నవంబరు 19న కొండలకు అవతల చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ నీళ్ళు పెన్నలో కలిసి సోమశిల మీదుగా నెల్లూరు దాకా వచ్చాయి.

అందుకని కొండ దగ్గరి పల్లెల్లో మేకలు కాసేవాళ్ళ నంబర్లు తీసుకో. పైన వాన ఎప్పుడు మొదలైంది, నీళ్ళు చప్టాకు ఎప్పుడు చేరాయి అని ప్రతిసారీ రాసిపెట్టు. రెండు మూడేళ్ళకు కొండ మీది నీళ్ళు మన వాగులోకి ఎంతసేపట్లో దిగుతాయో నీకు తెలిసిపోతుంది. అది ఏ యాప్‌లోనూ దొరకదు.

ఇంకో మాట, కోపమొచ్చినా సరే విను. నీళ్ళెంత వచ్చాయో చూద్దామని రాత్రిపూట స్కూటీ మీద వాగు దగ్గరికి పోయావంటే నేనూరుకోను. రెండడుగుల నీళ్ళు ఉరవడిగా పారితే కారునే తోసేస్తాయి. చిన్నప్పుడు కలుజు దూకుతుందంటే చాలు, నా వెంట కట్ట మీదికి పరిగెత్తుకొచ్చేదానివి. నీ చెయ్యి గట్టిగా పట్టుకునేవాణ్ణి. ఇప్పుడు పట్టుకోవడానికి నేను పక్కన లేను గదా.

కబురు పెట్టేటప్పుడు ‘భారీ వర్ష సూచన’ అని ఊరుకోకు. ‘సాయంత్రం ఐదు తర్వాత ఫలానా చప్టా దాటొద్దు’ అని పేరు పెట్టి రాయి. నాలుగుసార్లు చెప్పినది జరగకపోతే జనం తిడతారు. తిట్టనీ, అయిదోసారీ చెప్పు.

గాలివానకు టవర్ పడిపోతే వాట్సాప్ పనికిరాదు. టముకు వేసే మనిషి ఇల్లు, గుడి మైకు తాళం ఎవరి దగ్గరుంటుందో ఇప్పుడే కనుక్కో. దసరా సెలవుల్లో ఇక్కడికి రా. ఏ వంక ఏ చెరువులో పడుతుందో, ఏది తెగితే ఏ ఊరు మునుగుతుందో కాగితం మీద గీసిస్తాను.

నీ మామయ్య