అమ్మ చీరలతో బొంత కుట్టొచ్చా?

ప్రశ్న: మా అమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆమె నూలు చీరలన్నీ పెట్టెలోనే ఉన్నాయి. నాకూ, అక్కకూ, తమ్ముడికీ తలా ఒక గోధడి కుట్టాలని ఉంది. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో పరవకూడదని మా అత్తమ్మ అంటోంది. పైగా అమ్మ చీర మీద కత్తెర పెట్టడానికి నాకే చేతులు రావడం లేదు.
– ఒక సోదరి, సిరొంచ

జవాబు: కత్తెర సంగతి తేలిక, అది ముందు చెప్తాను చెల్లీ. కత్తిరించొద్దు. చీర అయిదున్నర మీటర్లు. దాన్ని పొడవులో మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పుతో మూడు పొరల బొంత దానంతటదే తయారవుతుంది. ఒక మనిషికి సరిగ్గా సరిపోతుంది. చలికాలానికైతే లోపల ఇంకో చీరను అలాగే మడిచి పెట్టు. అంచూ కొంగూ ఎక్కడివక్కడే ఉంటాయి. ఎప్పుడైనా మనసు మారితే కుట్లు విప్పేసుకోవచ్చు.

ఒకే చీర మీద ముగ్గురికీ ప్రాణం ఉంటే మాత్రం దాన్ని మూడు చేయాల్సిందే. అప్పుడు కూడా అంచు దగ్గర చిన్న గాటు పెట్టి చేత్తో చింపు, నూలుబట్ట పోగు వెంట నిటారుగా చిరుగుతుంది. ఒక్కో ముక్క ఆరడుగులు వస్తుంది. మూడు బొంతలకూ పైపొర అదే వెయ్యి, లోపల మిగతా చీరలు. కొంగు ఎవరి వాటాకు వస్తుందో మీ అక్కతో ముందే మాట్లాడుకో. బంగారం పంచుకున్నప్పుడు రాని తగాదా కొంగు దగ్గర వస్తుంది, చాలా ఇళ్లలో చూశాను.

ఇక మీ అత్తమ్మ. ఆవిడ మాట తీసిపారెయ్యకు. చివరి రోజుల్లో మంచం మీద వాడిన బట్టలు చాలా ఇళ్లలో ఉంచుకోరు, నువ్వూ ఉంచుకోకు. ఆరోగ్యంగా తిరిగిన రోజుల్లో కట్టిన చీరల మాట వేరు. పుట్టిన బిడ్డను మనం కొత్తబట్టలో చుట్టం. అమ్మమ్మో నానమ్మో కట్టి కట్టి మెత్తబడ్డ చీరలో చుడతాం. ఉయ్యాల కట్టేదీ ఆ చీరే. ఆ తర్వాత ఆ పెద్దావిడ పోయినా పిల్లల బొంతను ఎవరూ బయట పారెయ్యరు కదా! మీ అత్తమ్మ పెట్టెలోనూ అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది, ఎవరి చీరతో కుట్టారో అడుగు. వాదన పెట్టుకోకు. కుట్టే రోజు ఒక మూల పట్టుకోమని ఆవిడనే పిలువు.

కుట్టే ముందు గంజి మొత్తం పోయేదాకా ఉతుకు. గంజి మిగిలితే పురుగు పడుతుంది. మా ధర్మాబాద్‌లోనైతే దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మాది మిర్చి బజారు. మా వీధిలో ఒకామె, మిరపకాయలు ఏరిన వాళ్లమ్మ చీరలను ఒక్క నీళ్లలో జాడించి బొంత కుట్టించింది. కప్పుకున్న మనవడు తెల్లవార్లూ తుమ్ములే. "అవ్వ వచ్చింది" అని ఆ ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు.

ఉతికాక నేల మీద పరిచి, ముడతలు చేత్తో సవరించి, నాలుగు మూలలా నీళ్ల చెంబులు బరువు పెట్టు. ముందు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి పొరలు కదలకుండా చేసుకో. తర్వాత అంచు నుంచి మొదలుపెట్టి, వేలెడు దూరం వదులుతూ చుట్టూ తిరుగుతూ నడిమికి రా. నూలు దారమే వాడు, దాని మీద కొవ్వొత్తి రుద్దితే చిక్కుపడదు.

ప్రశ్న: మా బాపువి రెండు పంచెలే ఉన్నాయి, మిగతావన్నీ టెరికాట్ చొక్కాలు. వీటితో బొంత అవుతుందా?
– ఒక పాఠకుడు, దెగ్లూరు

జవాబు: అవుతుంది తమ్ముడూ. టెరికాట్ జారుతుంది, చెమట పీల్చదు. కాబట్టి ఒంటికి తగిలే వైపు పంచె వెయ్యి, చొక్కాలను పైన అతుకులుగా వాడు. ఒక్కో ముక్క వెనక నూలుగుడ్డ పెట్టి కుడితే జారదు. జేబులు మాత్రం విప్పొద్దు. పెన్ను కారిన మరక ఉంటే అదీ ఉండనీ. కాజాల పట్టీ కూడా అలాగే పెట్టు. ఆ చొక్కా ఎవరిదో చెప్పేవి అవే.

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే పల్లెలో మిస్సోరి పెట్‌వే అనే ఆమె 1942లో ఇలాంటిదే కుట్టింది. నల్లజాతి రైతు కుటుంబం. భర్త పోయాక అతను పొలంలో వేసుకున్న బట్టలనే అతుకులుగా చేసి, అతన్ని తలుచుకుంటూ కప్పుకోవడానికి కుట్టుకుంది. వాటిని చింపడంలో కూతురు సాయపడింది. ఇప్పుడు దాన్ని కళ అంటున్నారు. ఆమెకది కప్పుకునే బొంత. నువ్వూ బీరువాలో దాచకు, వాడు.

ప్రశ్న: కరోనాలో మా బచత్ గట్ (పొదుపు సంఘం) ఆడవాళ్లు కొందరు పోయారు. అందరి పేర్లతో ఒకే బొంత కుట్టి మా మీటింగ్ గదిలో వేలాడదీయాలని అనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక గట్ సభ్యులు, కిన్వట్

జవాబు: ముందు కొలత ఖాయం చేసుకోండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. ఇలాంటి వాటిలో అన్నిటికన్నా పెద్దది అమెరికాలో ఎయిడ్స్‌తో పోయినవాళ్ల కోసం కుట్టినది. 1985లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఊరేగింపులో క్లీవ్ జోన్స్ అనే ఆయన, పోయినవాళ్ల పేర్లు అట్టల మీద రాయించి ప్రభుత్వ భవనం గోడకు అతికించారు. ఆ గోడ అతుకుల బొంతలా కనిపించిందట, ఆలోచన అలా పుట్టింది. 1987 అక్టోబర్ 11న వాషింగ్టన్‌లో పరిచినప్పుడు 1,920 ముక్కలు. ఇప్పుడు దాదాపు 50,000, బరువు 54 టన్నులు. ఆ జబ్బు పేరెత్తడానికే జనం భయపడ్డ రోజుల్లో కన్నవాళ్లూ స్నేహితులూ కూర్చుని కుట్టినవి. ఎవరు ఎలా కుట్టినా కొలత ఒక్కటే, ఆరడుగులు, మూడడుగులు. సమాధి కొలత అది. అందుకే ఎనిమిది ముక్కలు చేరిస్తే పన్నెండడుగుల చదరం కచ్చితంగా వస్తుంది.

మీకంత పెద్దది అక్కర్లేదు. జానెడు చదరం చాలు, కుట్టుకు చుట్టూ అర అంగుళం వదలండి. ఆ ముక్కను ఇంటివాళ్లనే తెమ్మనండి. కొత్తగుడ్డ కొని అందరికీ ఒకే రంగు పంచితే బడి యూనిఫాంలా ఉంటుంది. పేరు కాడకుట్టుతో (స్టెమ్ స్టిచ్) కుట్టండి, మన అక్షరాల వంపులు అందులో బాగా కుదురుతాయి. ఇంటివాళ్లు మరాఠీలో కావాలంటే మరాఠీలోనే. ఎవరైనా పేరు వద్దంటే బలవంతం చేయకండి. ఏడాది తర్వాత వాళ్లే వచ్చి అడగొచ్చు, కింది వరస కుట్టి మూసెయ్యకండి.

వేలాడదీయడానికి మూలల్లో మేకులు కొట్టకండి, బరువుకు చిరుగుతుంది. పైఅంచు వెనక గుడ్డను గొట్టంలా కుట్టి, అందులో వెదురు కర్ర దూర్చి, ఎండ పడని గోడకు కట్టండి.