డాక్టరుగారి మొహమాటానికి ‘బాగుంది’ అనకండి

ప్రశ్న: నాకు 64 ఏళ్ళు. పోయినేడు కుడి మోకాలికి చిప్ప మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నాను. ఏదో పరిశోధన అంటే సంతకం పెట్టాను. ఇప్పుడు ఆస్పత్రి నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, ఆపరేషన్‌కి ముందు అడిగిన పన్నెండు ప్రశ్నలే మళ్ళీ అడుగుతోంది. ఎక్స్‌రే బ్రహ్మాండంగా ఉందన్నారు కదా, ఇంకా ఇవెందుకు? డాక్టరుగారికి మాట రాకూడదని అన్నిటికీ ‘బాగుంది’ అనేస్తున్నాను. రాత్రిళ్ళు నొప్పి ఉంటోందనుకోండి.
– పాఠకురాలు, రాజోలు

జవాబు: అమ్మా, ఆ చివరి మాట నాకు రాశారు గానీ ఆ అమ్మాయికి చెప్పలేదు. పన్నెండింటిలో ఒక ప్రశ్న అచ్చంగా అదే కదా!

కొత్త కీలు సరిగ్గా కూర్చుందో లేదో ఎక్స్‌రేలో కనిపిస్తుంది. మీరు రేవు మెట్లు దిగగలుగుతున్నారో లేదో ఏ ఫిల్ములోనూ పడదు. ఈ ఆపరేషన్ అయినవాళ్ళలో దాదాపు ఐదుగురికి ఒకరు తృప్తిగా లేరని పెద్ద అధ్యయనాల్లో తేలిందంటే, రోగులనే అడగబట్టి.

మీరు చెప్పినవి బహుశా ‘ఆక్స్‌ఫర్డ్ నీ స్కోరు’ ప్రశ్నలు (‘నీ’ అంటే ఇంగ్లీషులో మోకాలు); మోకాలు ఎలా ఉందో రోగినే అడిగి మార్కులు వేసే పద్ధతి. 1998లో వచ్చింది. గడిచిన నాలుగు వారాల సంగతే అడుగుతారు. ఒక్కో జవాబుకు 0 నుంచి 4 మార్కులు, ఏ ఇబ్బందీ లేకపోతే మొత్తం 48. ముందు కూడా అడిగింది ఎందుకంటే, 14 నుంచి 34కి వచ్చినావిడకూ 30 నుంచి 34కి వచ్చినావిడకూ ఇవాళ్టి మార్కులు ఒకటే, దక్కిన లాభం మాత్రం వేరు. మీరు మొహమాటపడి 48 వేయించుకుంటే, రేపు మరొకావిడకు ‘నొప్పనేదే ఉండదమ్మా’ అని ధీమాగా చెప్పేస్తారు.

మన కోనసీమలో ఇంకో తిరకాసుంది. ‘ఇంటి సరుకులు ఒక్కరే తెచ్చుకోగలరా?’ అంటే ‘మా అబ్బాయి తెస్తాడండీ’ అంటారు. అబ్బాయి సంగతి వాళ్ళకెందుకు? వెళ్ళాల్సి వస్తే మీరు తేగలరో లేదో చెప్పండి. మోకాళ్ళ మీద కూర్చుని లేవడం గురించి అడుగుతారు గానీ, నేల మీద బాసింపట్టు వేసుకోవడం అందులో లేదు. రాసినవాళ్ళు కుర్చీల మనుషులు మరి! అది విడిగా చెప్పండి. ఎడమ మోకాలి నొప్పిని ఈ లెక్కలో కలపకండి. జవాబులు ఇంకొకరి చేత చెప్పించకండి.

ఫోన్ ఎత్తడం మానొద్దు. బాగాలేనివాళ్ళు పలకకపోతే మిగిలినవాళ్ళ సగటు అందంగా వస్తుంది. ఎంతమంది చేరారో, ఏడాదికి ఎంతమంది జవాబిచ్చారో రాయని పరిశోధన వ్యాసాన్ని నేనైతే నమ్మను.

ఇక ఆ రాత్రి నొప్పి. ఏడాదైనా తగ్గలేదంటే ఫోనులో చెప్పి ఊరుకోకుండా ఆపరేషన్ చేసిన డాక్టరుగారికే చూపించండి. మోకాలు వాచి, ఎర్రబడి, జ్వరం వస్తే ఆ రోజే వెళ్ళండి.