కార్ల ఛార్జింగ్ స్టేషన్‌లో మన స్కూటర్

బుజ్జీ,

నీ ఎలక్ట్రిక్ స్కూటర్ మీదే హైదరాబాద్ నుంచి సూర్యాపేట వస్తానన్నావట, మీ అమ్మ చెప్పింది. రా, చాలా సంతోషం. కానీ దారిపొడుగునా ఛార్జింగ్ స్టేషన్లున్నాయన్న ధీమాతో మాత్రం బయల్దేరకు. హైవే మీద బోర్డు పెట్టిన ప్రతిచోటా మన బండికి ఛార్జింగ్ దొరకదు.

స్టేషన్‌లో లావు కేబుల్‌తో వేలాడే ఛార్జింగ్ గన్‌ను, అంటే బండికి గుచ్చే పిడిని, సీసీఎస్2 అంటారు. అది కార్లకే. దాని వోల్టేజ్ వందల్లో ఉంటుంది, మన బ్యాటరీది యాభై చుట్టుపక్కల. టైప్ 2 అని ఇంకో గన్ ఉంటుంది. దాన్ని మామూలు సాకెట్‌గా మార్చే అడాప్టర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ఎవరు చెప్పినా కొనకు తల్లీ. బండి నుంచి సిగ్నల్ అందితేనే ఆ గన్‌లోకి కరెంటు వస్తుంది, ఈ అడాప్టర్ బండికి బదులు ఆ సిగ్నల్‌ను తనే ఇచ్చేస్తుంది. పైగా లోపం వస్తే కరెంటు ఆపేసే అక్కడి బ్రేకర్ చాలాచోట్ల 32 యాంపియర్లకు తగ్గట్టు ఉంటుంది. మన 16 యాంపియర్ల ప్లగ్గులో లోపం వస్తే, బ్రేకర్ పడేలోపే వైరు కాలిపోవచ్చు.

కార్ల స్టేషన్‌లో నువ్వు వెతకాల్సింది భారత్ ఏసీ-001 అనే రకం ఛార్జింగ్ మిషన్. గుండ్రటి సాకెట్లు మూడుంటాయి, ఒక్కోటీ 3.3 కిలోవాట్లు. వాటికి సరిపోయే ఇండస్ట్రియల్ ప్లగ్‌తో, ఎర్తింగ్ ఉన్న పొట్టి వైరు ఒకటి మంచి ఎలక్ట్రికల్ షాపులో చేయించుకో. ఎక్స్‌టెన్షన్ బాక్సులు మాత్రం వద్దు.

నీది ఏథర్ కాబట్టి ముందు ఆ కంపెనీ స్కూటర్ల కోసం పెట్టిన గ్రిడ్ అనే ఛార్జింగ్ పాయింట్లే యాప్‌లో చూసుకో. ఆ పాయింట్ల కనెక్టర్‌నే 2023లో మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ప్రమాణంగా ఆమోదించింది, విడా కంపెనీ స్కూటర్లకూ అదే. అవి దొరక్కపోతేనే కార్ల స్టేషన్. అక్కడైతే డిక్కీలో పెట్టుకున్న ఇంటి ఛార్జరే దిక్కు. అది గంటకు ముప్పావు యూనిట్ ఎక్కించే రకమైతే, గంట పెడితే సుమారు ఇరవై కిలోమీటర్లు వస్తుంది. ఆ లెక్కన ఎక్కడ ఆగాలో ముందే అనుకో. ఎండలో నడిపిన బండిని కాసేపు నీడన పెట్టి, వేడి తగ్గాక ప్లగ్ పెట్టు.

కార్లు ఆగే గీతల మధ్య బండి నిలపకు, పక్కకు పెట్టుకుని వైరు అందేలా చూసుకో. ముందే అక్కడి మనిషిని అడుగు. కారువాళ్లు తొందరపడితే గొడవకు దిగకు, వాళ్ల గన్ వేరు, నీ సాకెట్ వేరు అని చూపిస్తే చాలు.

స్టేషన్ యాప్‌లు, వాలెట్‌లో డబ్బులు ఇంట్లో వైఫై ఉండగానే సిద్ధం చేసుకో. రోడ్డు మీద సిగ్నల్ లేక ఓటీపీ రాకపోతే పక్కనే సాకెట్ ఉన్నా ఛార్జింగ్ మొదలుకాదు.

మీ పెదనాన్న