ఇంటి పక్కన ప్రాజెక్టు, చేతిలో ఫెడరల్ నోటీసు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో ఉంటున్న పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గోడు. ఇంటి దగ్గర హైవేనో, పైపులైనో వస్తోంది, ప్రభుత్వం అభిప్రాయం అడుగుతోంది, ఏం రాయాలి, ఎవరికి రాయాలి? అందుకని ఈ సంచికలో ఆ ప్రశ్నలే తీసుకున్నాం.

ప్రశ్న: మా సబ్‌డివిజన్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫెడరల్ రిజిస్టర్ నోటీసు పెట్టారు. మూడుసార్లు చదివినా మమ్మల్ని ఏం అడుగుతున్నారో బోధపడలేదు.
— ఒక పాఠకుడు, ఇర్వింగ్, టెక్సస్

జవాబు: మొదటి అక్షరం నుంచి వరసగా చదివితే ఎవరికీ బోధపడదు. ఫెడరల్ రిజిస్టర్ ఇక్కడి కేంద్ర ప్రభుత్వ గెజెట్. 1936 నుంచి ప్రతి పనిదినం వెలువడుతోంది. నోటీసులు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి: ఏజెన్సీ, యాక్షన్, సమ్మరీ, డేట్స్, అడ్రసెస్, ఆ తర్వాత సంప్రదించాల్సిన అధికారి పేరు, చివర్లో సప్లిమెంటరీ ఇన్ఫర్మేషన్. ముందు 'యాక్షన్' అన్న ఒక్క లైను చూడండి. మీ కథ ఏ అంకంలో ఉందో అది చెప్పేస్తుంది.

అక్కడ 'నోటీస్ ఆఫ్ ఇంటెంట్' అని ఉంటే పర్యావరణ ప్రభావ నివేదిక ఇంకా రాయడం మొదలుపెట్టబోతున్నారని అర్థం. 'నోటీస్ ఆఫ్ అవైలబిలిటీ' అంటే నివేదిక, చాలాసార్లు దాని ముసాయిదా, తయారై చదువుకోవడానికి పెట్టారు. 'ప్రపోజ్డ్ రూల్' అయితే అది సాధారణంగా మీ ఊరి ప్రాజెక్టు గురించి కాదు, ఒక నిబంధన గురించి. 'లిమిటేషన్ ఆన్ క్లెయిమ్స్' అన్న మాట కనిపిస్తే మాత్రం అభిప్రాయాల దశ దాటిపోయింది, కోర్టు గడువు లెక్క మొదలైంది.

తర్వాత 'డేట్స్'. గడువు తేదీ పక్కన 'రిసీవ్డ్ బై' అని ఉందా, 'పోస్ట్‌మార్క్డ్ బై' అని ఉందా చూసుకోండి. మొదటిదైతే ఆ రోజుకు ఉత్తరం వాళ్ల చేతిలో ఉండాలి, రెండోదైతే ఆ రోజు పోస్టాఫీసు ముద్ర పడితే చాలు. ఆ పైన 'అడ్రసెస్', డాకెట్ నంబరు (ఆ ఫైలుకు ఇచ్చిన నంబరు). రెగ్యులేషన్స్ డాట్ గవ్ సైటులో పెట్టమంటే అక్కడ గడువు తూర్పు కాలమానం ప్రకారం రాత్రి 11:59కి ముగుస్తుంది. మీకు 10:59, కాలిఫోర్నియాలో 8:59. మన వాళ్ల కామెంట్లు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే.

ఇంకో సంగతి. నోటీస్ ఆఫ్ ఇంటెంట్‌ను 'ఇంకా ఏమీ తేలలేదు కదా' అని వదిలేస్తారు. నిజానికి అన్నిటికంటే విలువైనది అదే. ప్రత్యామ్నాయాలు, ప్రభావాల మీద అభిప్రాయాలు అందులో అడిగి తీరాలని 2023లో కాంగ్రెస్ చట్టంలోనే రాసింది. 1970 నాటి పర్యావరణ విధాన చట్టం, అంటే నీపా కింద అన్ని శాఖలకూ వర్తించిన ఉమ్మడి నియమావళిని 2025లో ఎత్తేశారు. ఎవరి నియమాలు వాళ్లు రాసుకున్నారు. కొన్ని శాఖలు ముసాయిదా మీద అభిప్రాయాలు అడగడాన్ని తప్పనిసరి కాకుండా చేసుకున్నాయి. మొదటి నోటీసు దగ్గర ఊరుకుంటే రెండో అవకాశం రాకపోవచ్చు. ఫెడరల్ రిజిస్టర్ సైటులో ఉచితంగా ఖాతా తెరిచి, మీ కౌంటీ పేరు, హైవే నంబరు పెట్టి ఒక వెతుకులాటను భద్రపరిస్తే కొత్త నోటీసు పడగానే ఈమెయిల్ వస్తుంది.

ప్రశ్న: మా వెనక హైవే వెడల్పు చేస్తున్నారు. వద్దని 300 మందిమి ఒకే ఉత్తరం మీద సంతకాలు పెట్టి పంపాం. తుది నివేదికలో 'కొందరు వ్యతిరేకించారు, గమనించాం' అని ఒక్క వాక్యం వేశారు. ఇంతేనా?
— ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: బాధాకరమే గానీ, ఆ ఉత్తరానికి అంతకంటే పెద్ద జవాబు రాదు. ఇది ఓట్ల లెక్క కాదండీ. 300 మంది ఒకే మాట రాస్తే ఏజెన్సీ దాన్ని ఒకే అంశంగా కట్టగట్టి ఒకే జవాబు ఇస్తుంది. 'వద్దు' అన్న మాటకు జవాబు 'గమనించాం'. ఒక పట్టికలో ఫలానా అంకె తప్పు అంటే మాత్రం ఆ అంకెను సరిదిద్దాలి, లేదా ఎందుకు సరైనదో చెప్పాలి. జవాబు చెప్పక తప్పని ప్రశ్న వేయడంలోనే ఉంది కిటుకంతా.

ముందు నివేదికలో ఏ భాగం చదవాలో తేల్చుకోండి. ప్రధాన నివేదికకు ఇప్పుడు చట్టప్రకారం 150 పేజీల పరిమితి ఉంది, అసాధారణంగా చిక్కైనదైతే 300. అసలు లెక్కలు ఆ పేజీల్లో ఉండవు, అనుబంధాల్లో ఉంటాయి. ట్రాఫిక్ అంచనా, శబ్ద నివేదిక, వరద నీటి లెక్క, సేకరించే స్థలాల పటాలు. ఇల్లు హైవే పక్కనే అయితే శబ్ద నివేదికతో మొదలుపెట్టండి. ఇళ్ల దగ్గర ఫెడరల్ హైవే ప్రమాణం 67 డెసిబెల్స్. దాన్ని 'సమీపించినా' ప్రభావం ఉన్నట్టే లెక్క కాబట్టి చాలా రాష్ట్రాలు 66 దగ్గరే గీత గీస్తాయి. ఇంజినీర్లు మీ ప్రాంతాన్ని కొన్ని బిందువులుగా విడగొట్టి ఇప్పుడెంత, ఇరవై ఏళ్ల తర్వాత ఎంత అని పట్టిక వేస్తారు. మీ వీధికి బిందువు ఉందా? ఉంటే ఎన్ని ఇళ్లకు ప్రతినిధి? మేడ మీద పడగ్గది ఎత్తులో లెక్కేశారా, నేలమట్టంలోనేనా? బడి, గుడి, పార్కు కలిపారా? కొత్తగా కట్టిన గుడి పాత ఏరియల్ ఫొటోలో ఉండదు, లెక్కలోంచి జారిపోతుంది.

ఉదాహరణకు ఇలా రాయాలి: 'శబ్ద నివేదిక, 14వ పేజీ, 3వ పట్టిక. మా వీధిలో హైవేకు ఆనుకుని ఉన్న 22 ఇళ్లకు ఒక్క బిందువూ లేదు. దగ్గరి బిందువు మట్టి దిబ్బ వెనక ఉంది. ఈ ఇళ్లకు విడిగా లెక్క కట్టి, శబ్దం ఆపే గోడ అవసరమో కాదో మళ్లీ పరిశీలించండి. ఫొటోలు, ఇళ్ల చిరునామాల పటం జతచేస్తున్నాం.' ఎక్కడ, ఏం తప్పు, ఎందుకు తప్పు, ఏం చేయాలి. నాలుగూ ఉన్న పది లైన్లు నాలుగు పేజీల ఆవేదన కంటే బరువైనవి. ఆ 300 మందీ మళ్లీ కలిస్తే ఈసారి పని పంచుకోండి: ఒకరు శబ్దం, ఒకరు బడి బస్సుల మలుపు, ఒకరు వాన నీరు.

వార్తల లింకు ఇచ్చి ఊరుకోకండి. రేపు ఆ లింకు పనిచేయకపోతే రికార్డులో మిగిలేది ఖాళీయే. కాగితాన్నే జతచేయండి. రెగ్యులేషన్స్ డాట్ గవ్ పెట్టెలో 5,000 అక్షరాలు పడతాయి, దానికి 20 ఫైళ్ల వరకు, ఒక్కోటి 10 ఎంబీ మించకుండా తగిలించవచ్చు. పంపాక వచ్చే ట్రాకింగ్ నంబరు దాచుకోండి. కామెంట్ వెంటనే సైటులో కనపడదు, అధికారులు చూశాకే పెడతారు, కాబట్టి కంగారుపడి నాలుగుసార్లు పంపక్కర్లేదు. అయితే హైవే ప్రాజెక్టుల కామెంట్లు చాలావరకు ఆ సైటుకు కాదు, రాష్ట్ర రవాణా శాఖ ప్రాజెక్టు పేజీకో ఈమెయిల్‌కో వెళ్లాలి. టెక్సస్‌లో అయితే 2014 నుంచి ఈ పర్యావరణ సమీక్ష బాధ్యతను ఫెడరల్ హైవే శాఖ తరఫున రాష్ట్ర రవాణా శాఖ టెక్స్‌డాటే నిర్వహిస్తోంది.

పబ్లిక్ హియరింగ్ గురించి ఒక మాట. ఆంధ్ర, తెలంగాణల్లో కలెక్టరు వేదిక మీద కూర్చుని, జనం మైకు పట్టుకుని నిలదీసే ప్రజాభిప్రాయ సేకరణ చూసినవాళ్లు ఇక్కడా అదే అసలు ఘట్టం అనుకుంటారు. ఇక్కడ మైకులో చెప్పిందానికీ కాగితం మీద రాసినదానికీ విలువ ఒకటే. హియరింగ్‌లో సాధారణంగా జవాబులు చెప్పరు, రాసుకుంటారంతే. మీకిచ్చే రెండు మూడు నిమిషాల్లో పేజీ నంబర్లు చదవలేరు కాబట్టి రాతపూర్వకంగానూ ఇవ్వండి. పెద్దవాళ్లకు దుభాషి కావాలంటే ఎన్ని రోజుల ముందు అడగాలో నోటీసు అడుగున ఉంటుంది.

ప్రశ్న: మేం హెచ్1బీ మీద ఉన్నాం. కామెంట్ రాయవచ్చా?
— ఒక జంట, చార్లెట్

జవాబు: రాయవచ్చు. 1946 నాటి పరిపాలనా విధాన చట్టం నిబంధనల మీద అవకాశం ఇచ్చింది 'ఆసక్తి ఉన్న వ్యక్తులకు', పౌరులకు మాత్రమే అనలేదు. ప్రాజెక్టుల కామెంట్లకూ పౌరసత్వం అడగరు. అయితే రాసింది బహిరంగ రికార్డు, మీ పేరు కొడితే ఎవరికైనా దొరుకుతుంది. ఫోన్ నంబరు, పిల్లల పేర్లు, వీసా వివరాలు అందులో పెట్టకండి. రెగ్యులేషన్స్ డాట్ గవ్‌లో పేరు లేకుండా పంపే వీలూ ఉంది.

ప్రశ్న: ప్రాస్పర్‌లో కొత్త ఇల్లు బుక్ చేద్దామనుకుంటున్నాం. యూఎస్ 380 బైపాస్ దగ్గరే. రోడ్డు వచ్చాక ప్రభుత్వమే శబ్దం ఆపే గోడ కడుతుందని సేల్స్ ఆఫీసులో చెబుతున్నారు. నమ్మవచ్చా?
— ఒక పాఠకుడు, ప్లేనో

జవాబు: సంతకం పెట్టే ముందు రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకోండి. ఫెడరల్ శబ్ద నిబంధనల్లో 'డేట్ ఆఫ్ పబ్లిక్ నాలెడ్జ్' అనేది ఒకటుంది. ప్రాజెక్టుకు తుది పర్యావరణ ఆమోదం వచ్చిన రోజు అది. ఆ రోజుకు బిల్డింగ్ పర్మిట్ లేని కొత్త ఇళ్లకు శబ్ద నివారణ కల్పించే బాధ్యత హైవే శాఖకు లేదు. యూఎస్ 380లో కాయిట్ రోడ్ నుంచి ఎఫ్ఎమ్ 1827 దాకా ఉన్న మెకినీ భాగానికి రికార్డ్ ఆఫ్ డెసిషన్, అంటే ఆ తుది ఆమోద పత్రం, 2023లోనే వచ్చింది. మీ ఇంటి పర్మిట్ ఆ తర్వాతిదైతే గోడ మాట మరిచిపోండి, లేదా బిల్డరే కడతానని కాంట్రాక్టులో రాయించుకోండి.

పర్మిట్ ముందుదైనా గోడ ఖాయం కాదు. ప్రభావం పడే ఇళ్లకు కనీసం 5 డెసిబెల్స్ తగ్గాలి, ఖర్చు రాష్ట్రం పెట్టిన పరిమితిలో ఉండాలి, లాభం పొందే ఇళ్ల యజమానులు, అద్దెవాళ్లు ఏమంటారో కూడా అడుగుతారు. చూపు అడ్డొస్తుందని జనమే వద్దన్న గోడలూ ఉంటాయి.

ప్రశ్న: గ్యాస్ పైపులైను కంపెనీ మా వెనక స్థలం సర్వే చేస్తామని ఉత్తరం పంపింది. ఫెర్క్‌లో కామెంట్ పెట్టాను. సరిపోతుందా?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: పోదు. రాష్ట్రాల మధ్య నడిచే గ్యాస్ లైన్లకు అనుమతినిచ్చే ఫెడరల్ ఇంధన నియంత్రణ కమిషన్, అంటే ఫెర్క్‌లో కామెంట్ వేరు, ఇంటర్వెన్షన్ వేరు. కామెంట్ పెడితే వింటారు. ఇంటర్వీనర్‌గా చేరితే కేసులో పక్షం అవుతారు. ఉత్తర్వు వచ్చాక 30 రోజుల్లో రీహియరింగ్ (ఆ ఉత్తర్వును మళ్లీ పరిశీలించమని) అడిగే హక్కు, ఆ మీదట కోర్టుకెళ్లే హక్కు పక్షానికే ఉంటాయి. సర్టిఫికెట్ చేతికొస్తే సహజవాయు చట్టం కింద కంపెనీయే మీ స్థలాన్ని బలవంతంగా సేకరించగలదు కాబట్టి ఇది చిన్న తేడా కాదు. చేరడానికి వకీలు అక్కర్లేదు. 'మోషన్ టు ఇంటర్వీన్' పేరుతో మీ స్థలం ఎక్కడుంది, ప్రాజెక్టు మీకెలా తగులుతుంది అని రాసి, నోటీసులో ఇచ్చిన గడువులోగా ఫెర్క్ సైటులోని ఈఫైలింగ్‌లో పెట్టాలి. ఆ గడువు కామెంట్ గడువులాగే తూర్పు కాలమానం సాయంత్రం 5 గంటలకే ముగుస్తుంది, అర్ధరాత్రికి కాదు. ఈకామెంట్ పెట్టెలో 6,000 అక్షరాలే పడతాయి, ఫొటోలు పోవు. డాకెట్ నంబరు సీపీతో మొదలైతే అసలు దరఖాస్తు పడినట్టు, పీఎఫ్‌తో అయితే దరఖాస్తుకు ముందు దశ. ఈసబ్‌స్క్రైబ్‌లో ఆ నంబరు ఇస్తే ప్రతి కాగితం మెయిల్‌కు వస్తుంది.

రాష్ట్రం జారీచేసే నీటి అనుమతుల నోటీసులనూ వదలకండి. మీ రాష్ట్రం మీదుగా తలపెట్టిన పెన్‌ఈస్ట్ లైనుకు 2018 జనవరిలో ఫెర్క్ ఆమోదం వచ్చింది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి కంపెనీ గెలిచింది కూడా. అదే ఏడాది సెప్టెంబరులో ప్రాజెక్టు మానుకుంది. న్యూజెర్సీ నుంచి కావలసిన నీటి అనుమతులు చేతికి రాలేదు.

ప్రశ్న: ఇంటి పక్కన డేటా సెంటర్ వస్తోంది. ఫెడరల్ రిజిస్టరంతా వెతికినా నోటీసు లేదు. దాచేశారా?
— ఒక పాఠకురాలు, యాష్‌బర్న్, వర్జీనియా

జవాబు: దాచలేదు, అక్కడ ఉండదు. జోనింగ్ కౌంటీ పని. పెద్ద హైవోల్టేజి లైన్ల అనుమతి వర్జీనియాలో రాష్ట్ర కార్పొరేషన్ కమిషన్‌ది. ఫెడరల్ చెయ్యి పడేది చిత్తడి నేలనో వాగునో పూడ్చాల్సి వచ్చినప్పుడు. అప్పుడు స్వచ్ఛ జల చట్టం 404వ సెక్షన్ కింద సైన్యపు ఇంజినీరింగ్ విభాగమైన ఆర్మీ కోర్ అనుమతి కావాలి. ఆ నోటీసు కూడా ఫెడరల్ రిజిస్టర్‌లో కాదు, కోర్ జిల్లా కార్యాలయం సైటులో పడుతుంది, గడువు 15 నుంచి 30 రోజులే. హియరింగ్ కావాలంటే కారణాలతో రాతపూర్వకంగా ఆ గడువులోనే అడగాలి. పూడ్చేది అరెకరం దాటకపోతే చాలాసార్లు నేషన్‌వైడ్ పర్మిట్ (చిన్న పనులకు ముందే ఇచ్చి ఉంచిన ఉమ్మడి అనుమతి) కింద వెళ్లిపోతుంది, విడిగా నోటీసే రాదు. అలాంటప్పుడు మీకు మిగిలేది కౌంటీ సమావేశమే.

ప్రశ్న: హైవే నివేదిక మీద గడువు మొన్ననే దాటిపోయింది. ఇక చేసేదేమీ లేదా?
— ఒక పాఠకుడు, కేరీ, నార్త్ కరోలినా

జవాబు: ఆలస్యమైనా పంపండి. చదవాలన్న నియమం లేకపోయినా చాలామంది అధికారులు రికార్డులో చేరుస్తారు. గడువు పొడిగించమని అడగడం మాత్రం గడువు ఉండగానే, కారణం చెప్పి చేయాల్సిన పని. ముసాయిదా హైవే నివేదికకు సాధారణంగా 60 రోజులు మించి ఇవ్వరు. కామెంట్లలో ఎవరూ ఎత్తని అభ్యంతరాన్ని తర్వాత కోర్టులో తొలిసారి ఎత్తితే చెల్లదని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే మీ అంశాన్ని ఇంకెవరైనా గడువులో రాశారేమో వెతకండి. హైవే ప్రాజెక్టులో తుది నిర్ణయం నోటీసు ఫెడరల్ రిజిస్టర్‌లో పడితే దావాకు 150 రోజులే ఉంటాయి. పైగా 2025 మేలో సుప్రీంకోర్టు ఇలాంటి నివేదికల విషయంలో ఏజెన్సీల మాటకే ఎక్కువ విలువ ఇవ్వాలని కింది కోర్టులకు చెప్పింది, కాబట్టి కేసు మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు.

మీ స్థలమే పోతుంటే దారి వేరు. ఫెడరల్ నిధులున్న ప్రాజెక్టుల్లో భూమి విలువ కట్టడానికి వచ్చే అప్రైజరు వెంట నడిచే హక్కు యజమానిగా మీకుంది. వెళ్లండి, బోరు, కంచె, తోటతో పాటు నేల మీద కనపడనివి కూడా అన్నీ చూపించి రాయించండి. కనీసం 90 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వకుండా ఇల్లు ఖాళీ చేయమనకూడదు.