కోడాక్ కంపెనీ స్లైడ్ ఫిల్మ్ కోడాక్రోమ్ ఆగిపోయిందని అంత బాధ ఎందుకు? ఆ రంగులు డిజిటల్‌లో రావా?

వస్తాయండీ, దాదాపు వస్తాయి. ఆ రంగుల్ని అనుకరించే ఫిల్టర్లు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతున్నాయి. కానీ మీరడిగిన బాధ నాకు ఆలస్యంగా, అదీ నా తప్పు వల్లే తెలిసొచ్చింది.

నేను 1998లో డాలస్ వచ్చాను. ఆఫీసులో ఒక పెద్దాయన ఓ శనివారం ఇంటికి పిలిచి, గోడ మీద ప్రొజెక్టర్‌తో స్లైడ్లు, అంటే బొమ్మ పడిన ఫిల్మ్ ముక్కలు, వేసి చూపించారు. అరచేతంత ప్రింట్లు చూసి పెరిగినవాణ్ణి. చీకటి గదిలో గోడంతా వెలుగుతో బొమ్మ పడేసరికి నోట మాట రాలేదు. ముఖ్యంగా ఆ ఎరుపు! వారం తిరక్కుండానే ఒక పాత మాన్యువల్ కెమెరా, రెండు రోల్స్ కోడాక్రోమ్ ఫిల్మ్ కొన్నాను.

నెగెటివ్ అయితే మనం చేసిన తప్పు ప్రింటు వేసేటప్పుడు కొంత సర్దుకుంటుంది. స్లైడుకి ఆ వెసులుబాటు లేదు. కెమెరాలో తిరిగిన ఫిల్మ్ ముక్కే చివరికి అట్ట ఫ్రేములో కూర్చుంటుంది. వెలుతురు లెక్క కాస్త తప్పినా ఆకాశం తెల్లకాగితమే. నా మొదటి రోల్లో 36 బొమ్మలకి 9 దక్కాయి.

ఈ ఫిల్మ్‌లో అసలు కిటుకు వేరే ఉంది. మామూలు కలర్ ఫిల్మ్‌లో రంగు పుట్టించే రసాయనాలు పొరల్లోనే ఉంటాయి. కోడాక్రోమ్‌లో ఉండవు. అది నిజానికి మూడు నలుపు తెలుపు పొరలు. సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), పసుపు, మెజెంటా (ముదురు గులాబీ) మూడు రంగులూ ల్యాబ్‌లో ఒకదాని తర్వాత ఒకటి ఎక్కాల్సిందే. 1935లో వచ్చిన ఈ పద్ధతిని కనిపెట్టింది ఇద్దరు సంగీత విద్వాంసులు, లియోపోల్డ్ మేన్స్, లియోపోల్డ్ గొడౌస్కీ. డార్క్‌రూమ్‌లో గడియారం కనపడదు కాబట్టి ఈలపాట పాడుతూ సమయం లెక్క పెట్టేవారట. చీకట్లో దాస్తే ఈ రంగులు దశాబ్దాలు నిలుస్తాయి. ప్రొజెక్టర్ వెలుగే వాటికి పడదు. వచ్చిన చుట్టాలందరికీ వేసి చూపించిన మా పాప అన్నప్రాసన స్లైడ్లు ఇప్పుడు పాలిపోయాయి.

ఇంత తతంగం ఇంట్లో అయ్యే పని కాదు, వీధి చివరి ల్యాబ్ వల్లా కాదు. చివరి ఏళ్లలో ప్రపంచం మొత్తానికి మిగిలింది ఒక్కటే, కాన్సస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే చిన్న ఊళ్లోని డ్వేన్స్ ఫొటో అనే ల్యాబ్.

2004 మార్చిలో అమ్మానాన్నల్ని గ్రాండ్ కాన్యన్ తీసుకెళ్లాను. నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని, చేతులు చంకల్లో దోపుకుని, ఆ లోయని మా ఊరి చెరువుని చూసినట్టే చూశారు. 22 ఫ్రేములు తీశాను. మిగతా 14 కూడా అయ్యాక పంపుదాంలే అనుకున్నా. వచ్చే నెలలోనే డిజిటల్ కెమెరా కొన్నాను. తీసిన వెంటనే వెనక తెర మీద కనపడుతుంటే ఇంకెవరాగుతారు? పాత కెమెరా అలమరలోకి పోయింది.

2009 జూన్ 22న కోడాక్రోమ్ ఆపేస్తున్నామని కోడాక్ ప్రకటించింది. తమ ఫొటో ఫిల్మ్ అమ్మకాల్లో దాని వాటా ఒక్క శాతం కూడా లేదని చెప్పింది. ఐదేళ్లుగా ఒక్క రోల్ కొనని నేను, స్నేహితులకి పొడవాటి సంతాపం ఈమెయిల్ రాశాను! (ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.) డ్వేన్స్ ల్యాబ్ రోల్స్ తీసుకునే ఆఖరి రోజు 2010 డిసెంబర్ 30. జనం ఎక్కడెక్కడినుంచో కార్లేసుకుని వచ్చారు. ఆర్కన్సా నుంచి ఒక రైల్వే ఉద్యోగి ఏకంగా 1,580 రోల్స్ కడిగించుకున్నాడు. మాకు ఐదారు గంటల డ్రైవు. ఆ వార్తలన్నీ చదివాను గానీ, అలమరలో ఉన్న రోల్ మాత్రం గుర్తు రాలేదు.

2012లో ఇల్లు మారుతూ కెమెరా చేతిలోకి తీసుకుంటే కౌంటర్ 22 దగ్గర ఉంది. అక్కడే కూలబడ్డాను.

ఎంతమందినో అడిగాను. నలుపు తెలుపులో అయితే కడగొచ్చు, రంగులు మాత్రం రావన్నారు. రావడానికి ఆ రీల్లో రంగంటూ ఉంటేగా? పార్సన్స్‌లో ఎక్కాల్సిన రంగు అది. సరేనని ఒక ల్యాబ్‌కి పంపిస్తే, మసకమసకగా 17 బొమ్మలు వచ్చాయి. ఎక్టాక్రోమ్ అనే ఇంకో స్లైడ్ ఫిల్మ్‌ని కోడాక్ 2018లో మళ్లీ తెచ్చింది, అప్పుడప్పుడూ వాడుతున్నాను, బాగుంటుంది. కోడాక్రోమ్ మాత్రం తిరిగి రాలేదు.

ఆ 17లో ఒకటి పెద్దది చేయించి హాల్లో పెట్టాం. బూడిదరంగు లోయ, బూడిదరంగు మంకీ క్యాప్. అసలు క్యాప్ తిరుగు ప్రయాణంలో విమానంలోనే పోయింది. అది మెరూన్ అని అమ్మ, కాదు ముదురాకుపచ్చ, నేనే కొనిచ్చానని అక్క. నాకేమో నీలం అని గుర్తు. నాన్నని అడిగితే, "చలేసి పెట్టుకున్నాన్రా, రంగెవడు చూశాడు" అంటారు.