గ్రౌండ్ నుంచి వచ్చాక మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది.. భయపడాలా?

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా బాబుకు 16 ఏళ్లు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఇంటర్ పరీక్షల వల్ల రెండు నెలలకు పైగా గ్రౌండ్‌కు వెళ్లలేదు. జూన్‌లో సెలెక్షన్స్ ఉన్నాయని ఈ మే నెలలో కోచ్ గారు ఫిట్‌నెస్ క్యాంపు పెట్టారు. సాయంత్రం నాలుగింటికే మొదలు. గ్రౌండ్ చుట్టూ రౌండ్లు, కప్ప గెంతులు, ఆ తర్వాత తోటి పిల్లాడిని వీపు మీద ఎక్కించుకుని గ్యాలరీ మెట్లు ఎక్కి దిగడం. చివర వచ్చినవాడికి మళ్లీ రౌండ్లు. మధ్యలో నీళ్లు తాగితే డొక్కలో పట్టేస్తుందని తాగనివ్వరు. మొదటి రోజే వాంతి చేసుకున్నాడు. మూడో రోజుకు తొడలు వాచి కూర్చోలేకపోయాడు, పెయిన్ కిల్లర్ వేశాం. ఆ రోజంతా మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది, ఇప్పుడు మామూలుగానే ఉంది. కోచ్ గారు మంచివారే, 'మా రోజుల్లో మేమూ ఇలాగే తయారయ్యాం' అంటున్నారు. పంపించాలా, మాన్పించాలా?
- ఒక తండ్రి

సమాధానం: మీరు చివర్లో రాసిన మూత్రం రంగు గురించే ముందు చెబుతాను, అది రేపటికి వాయిదా వేసే విషయం కాదు. బాబును ఈ రోజే ఫిజీషియన్‌కు చూపించండి. రక్తంలో సీపీకే (కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం, వాటితో పాటు యూరిన్ పరీక్ష చేయించండి. ఇప్పుడు రంగు మామూలుగా ఉంది కదా అని ఊరుకోవద్దు. మూత్రం తేటపడ్డాక కూడా రక్తంలో సీపీకే కొన్ని రోజులపాటు ఎక్కువగానే ఉండొచ్చు.

అలవాటు తప్పిన కండరాల చేత ఒక్కసారిగా మితిమీరి పని చేయిస్తే వాటి కణాలు చిట్లిపోతాయి. లోపలున్న మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలో కలిసి, కిడ్నీల గుండా బయటికి వస్తుంది. ఆ డికాక్షన్ రంగు దానిదే. ఒంట్లో నీళ్లు సరిపడా ఉంటే చాలావరకు కొట్టుకుపోతుంది. నీళ్లు తక్కువైతే మాత్రం, ఏలూరు కాలువలో తూము దగ్గర గుర్రపుడెక్క పేరుకున్నట్టు, కిడ్నీలోని సన్నటి గొట్టాల్లో పేరుకుని కిడ్నీనే దెబ్బతీస్తుంది. కండరాలు ఇలా చిట్లిపోవడాన్ని రాబ్డోమయోలైసిస్ అంటారు. చిట్లిన కణాల నుంచి పొటాషియం కూడా బయటికి వస్తుంది. అది బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. సీపీకే మామూలు పరిమితికి ఐదు రెట్లు దాటితే డాక్టర్లు దీన్ని గట్టిగా అనుమానిస్తారు. అవసరమైతే ఆస్పత్రిలో చేర్చి సెలైన్ పెడతారు. త్వరగా పట్టుకుంటే ఈ వయసు పిల్లలు చాలామంది పూర్తిగా కోలుకుంటారు, కాబట్టి టెన్షన్ పడకండి, ఆలస్యం మాత్రం చేయకండి.

మన వైపు ఇలాంటప్పుడు జరిగే పొరపాట్లు రెండున్నాయి. 'వేడి చేసిందిలే' అని సబ్జా, బార్లీ నీళ్లు ఇచ్చి ఊరుకోవడం ఒకటి. పచ్చకామెర్లని పసరు మందుకు తీసుకెళ్లడం రెండోది. కామెర్లలో సాధారణంగా కళ్లు పచ్చబడతాయి. కండరాలు చితికినప్పుడు తొడలో, పిక్కలో, భుజంలో విపరీతమైన నొప్పి, వాపు ఉంటాయి. యూరిన్ రిపోర్టులో రక్తం ఉన్నట్టు చూపించి, మైక్రోస్కోపు కింద ఎర్ర రక్తకణాలు కనిపించకపోతే, అది మయోగ్లోబిన్ అని దాదాపు తెలిసిపోతుంది. ఇక ఆ పెయిన్ కిల్లర్ మళ్లీ వేయకండి. నీళ్లు తగ్గిన ఒంట్లో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు కిడ్నీలకు రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. ఏ మాత్ర వేశారో డాక్టర్ గారికి తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు కోచ్ గారి మాట. 'మా రోజుల్లో' అన్నది అబద్ధమేం కాదు. ఒకప్పుడు ప్రపంచమంతా సీజన్ ముందు ఇలాగే చేయించేవారు. సీజన్ అయ్యాక ఆటగాళ్లు నెలల తరబడి ఖాళీగా ఉండి, ఒళ్లు చేసి తిరిగొచ్చేవారు. వాళ్లను కొద్ది వారాల్లో దారికి తేవాలంటే కొండలెక్కించడం, మైళ్లకు మైళ్లు పరిగెత్తించడం తప్ప వేరే మార్గం తోచేది కాదు. తట్టుకున్నవాళ్లే ఈ రోజు కోచ్‌లై ఆ కథలు చెబుతున్నారు. తట్టుకోలేక ఆట మానేసిన వాళ్ల మాట మనకు వినిపించదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో మన దేశానికి ఫుట్‌బాల్ స్వర్ణాలు తెచ్చిన హైదరాబాద్ కోచ్ రహీం గారు క్రమశిక్షణకు పెట్టింది పేరు. ఆయన్ను ఇన్నేళ్ల తర్వాత కూడా తలుచుకుంటున్నది పాసింగ్ ఆటకు, వ్యూహానికి. పిల్లల్ని వాంతులయ్యేదాకా పరిగెత్తించినందుకు కాదు.

కష్టపెట్టడం తప్పని నేను అనడం లేదు. పెద్దల మ్యాచ్‌లో ఆటగాడు పది కిలోమీటర్ల వరకు కదులుతాడు, ఒళ్లు వంచకుండా అది రాదు. కానీ ఆ పది కిలోమీటర్లూ ఒకే వేగంతో సాగవు. నడక, జాగింగ్, మధ్యలో పది ఇరవై మీటర్ల పరుగు, ఠక్కున ఆగడం, తిరగడం. గ్రౌండ్ చుట్టూ ఒకే తీరున పరిగెత్తితే ఇవేవీ అలవడవు. చిన్న స్థలంలో నలుగురికి నలుగురు బంతితో ఆడితే దమ్ము, ఆట రెండూ వస్తాయి.

మెట్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి అదే కష్టమనుకుంటాం. కండరం ఎక్కువగా చితికేది దిగేటప్పుడు. సాగుతూనే బరువు ఆపాల్సి రావడం తొడ ముందు కండరానికి చాలా భారం. అందులోనూ వీపు మీద ఇంకో మనిషి. మీ బాబు తొడలే వాచాయంటే నాకు ఆశ్చర్యం లేదు. కప్ప గెంతులు కూడా ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద ఎముకకు నొప్పి, బొడిపె తేవచ్చు. ఇక రౌండ్లను శిక్షగా వాడటం మరీ అన్యాయం, చివర వచ్చేవాడు అప్పటికే బాగా అలసిపోయి ఉంటాడు కదా.

ఇక ఎండ. మే నెలలో విజయవాడలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. సముద్రం దగ్గర కావడంతో గాలిలో తేమ కూడా ఎక్కువే. చెమట కారితే ఒళ్లు చల్లబడదు, ఆరితే చల్లబడుతుంది. మన ఉక్కలో అది ఆరదు. ఎండకు శరీరం అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. అలా అలవాటు పడినవాడికి చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తక్కువగా పోతుంది. నీళ్లు తాగకుండా ఉండటం మాత్రం ఎన్నేళ్లు చేసినా ఒంటికి అలవాటు కాదు. డొక్కలో పట్టడం ఒకేసారి కడుపు నిండా తాగితే రావచ్చు. పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగితే ఆ ఇబ్బంది ఉండదు. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ మంచిది. బాగా చెమట పట్టిన రోజు ఓఆర్‌ఎస్. మంగళగిరి పానకం కూడా మంచిదే, కాకపోతే అందులో ఉప్పు ఉండదు. ఉత్త నీళ్లే గంటలో మూడు నాలుగు లీటర్లు తాగించడమూ ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది.

కోచ్ గారి దగ్గరకు ఫిర్యాదు చేయడానికి వెళ్తున్నట్టు కాకుండా, ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులతో కలిసి వెళ్లండి. రిపోర్టు చూపించండి. ప్రాక్టీసు ఉదయం ఐదున్నరకు మార్చమనండి, నీళ్ల క్యాన్ లైన్ పక్కనే పెట్టమనండి, మొదటి వారం సగం పనితో మొదలుపెట్టమనండి. వాంతి చేసుకున్న పిల్లాడిని ఆ రోజుకు కూర్చోబెట్టాలి, ఇందులో బేరం లేదు.

ఒక్కటి మాత్రం గ్రౌండ్‌లో అందరికీ తెలిసి ఉండాలి. పరిగెత్తే పిల్లాడు తూలుతున్నా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నా అది వడదెబ్బే అనుకోండి. ఒంటి నిండా చెమట ఉన్నా సరే. 108కి ఫోన్ చేయండి, అంబులెన్స్ వచ్చేదాకా చూస్తూ నిలబడకండి. నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, పైపుతో ఆగకుండా నీళ్లు పోయండి. పక్కనే చెరుకు రసం బండి ఉంటే ఐసు తెచ్చి తడి తువ్వాళ్లలో చుట్టి మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టండి. మొదటి అరగంటలో ఒళ్లు చల్లబరచడమే ప్రాణం కాపాడుతుంది. పారాసిటమాల్ దీనికి పని చేయదు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి.

మీ బాబును మాన్పించాలా అని అడిగారు. ఆట మాన్పించొద్దు, క్యాంపు మాత్రం ప్రస్తుతానికి ఆపండి. సీపీకే మామూలు స్థాయికి దగ్గరగా వచ్చి, నొప్పి పోయి, డాక్టర్ గారు సరేనన్నాక ముందు నడక, తర్వాత జాగింగ్, ఆ తర్వాతే బంతి. దీనికి కొన్ని వారాలు పట్టొచ్చు. జూన్ సెలెక్షన్స్ తప్పిపోతే బాబు బాధపడతాడని తెలుసు, 16 ఏళ్లకు మళ్లీ అవకాశాలు వస్తాయి.

ల్యాబ్‌కు బయల్దేరే ముందు ఇంకో పని. ఆ రోజు బాబుతో పాటు మెట్లెక్కిన పిల్లలందరి ఇళ్లకూ ఫోన్ చేసి, మూత్రం ఏ రంగులో వస్తోందో కనుక్కోమని చెప్పండి. ఒకే క్యాంపులో ఒకరికి ఇలా అయిందంటే ఇంకొకరికీ అయి ఉండొచ్చు. ఈ వయసు పిల్లలు ఇలాంటివి అడిగితే తప్ప ఇంట్లో చెప్పరు.